కనుమ దాటేశామన్న మాట

పొద్దున్నే అన్న కొడుకు ఫోన్ చేస్తే సాపర్‌బాయ్ "కనుమ దాటేశాంరా, దిగుతున్నాం" అన్నాడు. నిజానికి కారు కనుమకు ఇవతలే ఉంది. ఆ కొండల్లో అందరూ అంతే, ఇంట్లో జోళ్ళు తొడుక్కుంటూ వీధి మలుపులో ఉన్నామంటారు. మామూలు రోజుల్లో దాంతో ఎవరికీ నష్టం లేదు. ఈ రోజు మాత్రం అవతలి ఊళ్ళో, ముంగిట వేసిన గుడారంలో అన్న శవం ఉంది. తమ్ముడు వచ్చేదాకా ఎత్తేది లేదని జనం కూర్చున్నారు.

కనుమ మీదికి రాగానే కారు మంచులో దిగబడింది. సాపర్‌బాయ్ పారతో తవ్వాడు, చేతులతో తవ్వాడు, ఎంత తవ్వితే గాలి అంత తెచ్చి పోసింది. కింద దారి మూసేశారు కాబోలు, వెనకనుంచి ఒక్క బండీ రాలేదు.

"చక్రాలకి గొలుసులు కట్టమంటే ఎండ కాస్తోందిగా అన్నావు. ఇప్పుడా ఎండనే వచ్చి తొయ్యమను" అంది భార్య బుర్మకాన్.

"నోటితో కాదు, భుజంతో తొయ్యి."

తోసింది. కారు కదల్లేదు. ఆమె వెనక సీట్లోంచి ఉన్ని తివాచీ లాగింది. రెండు చలికాలాలు కూర్చుని బావగారి కోసం తను కుట్టిన తివాచీ అది.

"అది వద్దే, అన్నయ్యది."

"ఆయన మన కోసం చూస్తున్నాడు, దీనికోసం కాదు" అంటూ చక్రం కిందికి తోసేసింది.

సాపర్‌బాయ్ కారెక్కి ఇంజను రేపాడు. చక్రం తివాచీని పట్టుకుంది. కారు బారెడు ముందుకు దూకింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే కారు పక్కకి జారి, తివాచీతో సహా వెళ్ళి గుంటలో పడింది. ఇక అది పదిమందికి కూడా లొంగదు. అతను కారు దిగి మంచులో చతికిలబడ్డాడు. ఏమీ చెయ్యలేనని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం నమాజు దాటాక ఫోన్ మోగింది. ఛార్జింగ్ అయిపోవచ్చింది.

"బాబాయ్, ఎక్కడిదాకా వచ్చారు? చీకటి పడేలోపు మట్టి చెయ్యాలంటున్నారు పెద్దలు. నువ్వు దిగుతున్నావని అందరికీ చెప్పాను."

ఇదిగో వచ్చేశాం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"కనుమ మీదే ఉన్నాంరా. పొద్దున నీతో అబద్ధం చెప్పాను. నాకోసం ఆగొద్దు, ఎత్తెయ్యండి."

చావింటికి వచ్చే తమ్ముడు ఊరి బయటినుంచే అన్నా అని గొంతెత్తి ఏడుస్తూ రావాలి. ఆ ఏడుపు వినపడని శవం దిక్కులేనిదంటారు వాళ్ళలో.

"ఫోను నాన్న దగ్గర పెడతాను బాబాయ్" అన్నాడు కుర్రాడు. "అక్కడినుంచే ఏడు."

సాపర్‌బాయ్ లేచి, అవతలి లోయకేసి తిరిగి, ఫోను నోటి ముందు పెట్టుకున్నాడు. "అన్నా, నా అండ కూలిపోయిందే అన్నా" అని ఎలుగెత్తి ఏడ్చాడు. పొద్దుటినుంచి మంచు తవ్వుతూ మరిచిపోయిన దుఃఖం అంతా ఒక్కసారి బయటికి వచ్చింది. చిన్నప్పుడు అన్న తనని గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని ఇదే కనుమ దాటించిన సంగతి చెప్పి చెప్పి ఏడ్చాడు.

బుర్మకాన్ దగ్గరికి వచ్చి అతని చేతిలోకి చూసింది. ఫోను ఎప్పుడో ఆరిపోయి ఉంది.

"వాళ్ళకి వినపడుతోందంటావా?" అన్నాడు సాపర్‌బాయ్ వెక్కిళ్ళ మధ్య.

"వినపడుతోంది" అంది ఆమె. "ఇంకా గట్టిగా ఏడు."