బోర్డు మీద తప్పు

మా ఆయన లెక్కల మాస్టారు. వాళ్ల హైస్కూల్లో ప్రతిభావంతుల సెక్షన్ అని ఒకటుంది. పరీక్ష పెట్టి ఏరిన ఇరవై నాలుగు మంది పిల్లలు. పందొమ్మిదేళ్లుగా ఆ సెక్షన్ ఆయనదే. వాళ్లకి లెక్కలు వచ్చు కానీ, బోర్డు మీద లెక్క తప్పయితే లేచి నిలబడి తప్పని చెప్పడం రాదు అనేవారు.

అందుకని రోజుకొక తప్పు చేసేవారు.

ఉదయం నేను చొక్కా ఇస్త్రీ చేస్తుంటే టీ కప్పుతో పక్కన నిలబడి ఆ రోజు తప్పేమిటో చెప్పేవారు. ఏదో ఒకటి చేసేస్తే కుదరదు. క్లాసులో అందరికన్నా చురుకైనవాడు పట్టుకునేదైతే దండగ, వాడు ఎలాగూ పట్టుకుంటాడు. మిగతావాళ్లు వేగం మీద దాటేసేది, ఒక్కరి కంటికి మాత్రం అడ్డం పడేది కావాలి. "ఇవాళ బ్రాకెట్ విప్పేటప్పుడు రెండో గుర్తు మార్చడం మర్చిపోతాను" అనేవారు. ఎవరి కోసమని అడిగితే, కిటికీ పక్క పిల్ల, గుర్తుల దగ్గర గట్టిది, మూడు వారాలుగా నోరు విప్పలేదు అని చెప్పేవారు. సాయంత్రం చెప్పులు విప్పుతూనే, పట్టుకుందనో, నోటిదాకా వచ్చి ఆగిపోయిందనో తెలిసేది. పట్టుకున్నవాళ్లకి మెచ్చుకోళ్లేమీ ఉండవు. సుద్దముక్క చేతికిచ్చి ఆయన పక్కకి తప్పుకునేవారు, అంతే.

ఇది మా ఇద్దరికీ తప్ప మూడోవాళ్లకి తెలియదు.

పదిహేనేళ్ల కిందటి పిల్లల్లో ఒకడిని అందరూ టేపు అనేవాళ్లు. ఎవరి గొంతయినా విన్నది విన్నట్టు దించేసేవాడు. చదువయ్యాక కూడా మా ఇంటికి వచ్చేవాడు. వంటింటి గుమ్మంలో నిలబడి సార్ దగ్గు, సార్ గొంతు సవరింపు, సార్ చెవి మీద సుద్ద పెట్టుకుని సుద్ద కోసం వెతకడం చేసి చూపిస్తే నేను నవ్వలేక చేతిలో గిన్నె కింద పెట్టేదాన్ని. ఆ టేపే తర్వాత టీవీకి రాసే రచయిత అయ్యాడు. 'మేధావుల సెక్షన్' అని, తెలివైన పిల్లలూ వాళ్ల మాస్టారూ ఉండే హాస్య సీరియల్ మొదలుపెట్టాడు. శనివారం సాయంత్రం అరగంట.

అందులో మాస్టారి పేరు సున్నా సార్. దగ్గు మా ఆయనది, చెవి మీద సుద్ద మా ఆయనది. ప్రతివారం బోర్డు మీద లెక్క తప్పుతాడు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. ఒకడు లేచి దిద్దుతాడు, సున్నా సార్ బుర్ర గోక్కుంటాడు, పెట్టెలోంచి నవ్వులు. మొదటివారం మా ఆయన కూడా నవ్వారు. దగ్గు బాగా పట్టాడన్నారు. ఆ నటుడికి సుద్ద పట్టుకోవడం మాత్రం రాదు, గీత వణుకుతోంది అన్నారు.

రెండు నెలలు తిరిగేసరికి మందుల షాపాయన కూడా సున్నా సార్ వచ్చారనడం మొదలుపెట్టాడు. దాన్ని ఆయన పట్టించుకోలేదు. పిల్లల తల్లిదండ్రులు పట్టించుకున్నారు. సీరియల్ రాసినవాడు ఈ సార్ దగ్గరే చదివాడని ఎవరో కూపీ లాగారు. పిల్లల నోటుపుస్తకాలు తిరగేస్తే ప్రతి పాఠంలోనూ కొట్టివేత, పక్కన దిద్దుబాటు. వారానికి అయిదు. ప్రిన్సిపాల్ గారు పిలిచి ఆ పుస్తకాలు వరసగా బల్ల మీద పరిచారట. ఈ టర్మ్ పూర్తయ్యేలోగా తప్పులు ఆగకపోతే సెక్షన్ వేరేవాళ్లకి అప్పగించాల్సి వస్తుందనీ, అంతవరకూ వెనక బెంచీలో ఇంకో టీచర్ కూర్చుని చూస్తారనీ చెప్పారట.

ఆయన సంజాయిషీ ఇవ్వకుండా ఇంటికొచ్చేశారు.

ఉన్న మాట చెప్పేయమన్నాను. ఒక్క ముక్కతో అందరి నోళ్లూ మూతపడతాయన్నాను.

"చెబితే నా పరువు దక్కుతుంది," అన్నారు. "ఇన్నేళ్లూ పట్టుకున్నవాళ్ల మాటేమిటి? అది నేను పెట్టిందని తెలిస్తే వాళ్లకి ఏం మిగులుతుంది?"

సెక్షన్ పోతే ఈ మనిషికి ఏం మిగులుతుందని నేను అడగలేదు. మర్నాడు ఆయన స్కూలుకి వెళ్లాక టేపుకి ఫోన్ చేశాను.

మొదట నవ్వాడు. "ఆంటీ, మీరు సార్‌ని వెనకేసుకొస్తున్నారు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నువ్వు మొట్టమొదట పట్టుకున్న తప్పేదిరా అని అడిగాను. త్రిభుజంలో మూడో కోణం, సార్ నూట ఎనభైకి బదులు నూట డెబ్భైకి కూడారు అని తడుముకోకుండా చెప్పాడు. పత్రికలవాళ్లు ఎప్పుడడిగినా ఆ త్రిభుజం గురించే చెప్పేవాడు. తనకి బుర్ర ఉందని తనకే తెలిసిన రోజట అది.

"అది నీ కోసమే చేశారు," అన్నాను. "ఆ పొద్దున నేను ఇస్త్రీ చేస్తుంటే చెప్పారు. వీడికి కోణాలు కంటితోనే తెలిసిపోతాయి, కానీ వేషాలేయడం తప్ప తన తెలివి తనకి తెలియదు, ఇవాళ తెలియాలి అన్నారు."



"అన్నీ అంతేనా ఆంటీ?"

"అన్నీ."

ఫోన్ పెట్టేశాక నా మనసు తేలికపడింది. వాడికి తగిన శాస్తి చేశాననే అనుకున్నాను.

నాలుగు వారాల తర్వాత అది సీరియల్లో వచ్చింది. సున్నా సార్ భార్య చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఆయన టీ కప్పు పట్టుకుని, ఇవాళ ఎవరి కోసం ఏ తప్పు చేయాలో చెబుతున్నాడు. ఆ వారం నవ్వులు పెట్టలేదు, వెనకాల వీణ వాయించారు. మందుల షాపాయన ఏడ్చానని చెప్పాడు. మా ఆయన కుర్చీలో కదలకుండా ఆఖరిదాకా చూశారు. ప్రకటనలు మొదలయ్యాక లేచి శబ్దం తగ్గించారు. మర్నాడు టీ కప్పు తీసుకుని ముందుగదిలోకి వెళ్లి తాగారు.

తర్వాతి సంగతులు నాకు పక్కింటి వాళ్లమ్మాయి చెప్పినవే. తనదీ ఆ సెక్షనే. ఇప్పుడు సార్ సుద్ద పట్టుకోగానే ఎవరూ లెక్క చూడరట. ఇవాళ్టిది ఎవరికోసమా అని మొహాలు చూసుకుంటారట. ఎవరైనా చెయ్యెత్తితే, నీకే పెట్టారులే, కూర్చో అని వెనకనుంచి వెక్కిరింపులు. కిటికీ పక్క పిల్ల అంతకుముందే ఒకసారి పట్టుకుంది, సుద్ద పుచ్చుకుని బోర్డు దాకా వెళ్లింది. సీరియల్లో అది వచ్చాక స్టాఫ్ రూమ్ బయట నిలబడి, ఆ రోజుది నాకోసం పెట్టినదేనా సార్ అని అడిగిందట. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అవునన్నారట. ఆ పిల్ల మళ్లీ నోరు విప్పలేదు.

ఆయన తప్పులు చేయడం మానేశారు. వయసు మీద పడింది కదా, ఒకరోజు నిజంగానే ఒక మెట్టు దాటేసి తప్పు జవాబు రాశారు. క్లాసంతా లేచి చప్పట్లు కొట్టింది.

పాత పిల్లలు ఫోన్లు చేశారు. దూరాలనుంచి, ఉద్యోగాల మధ్యనుంచి. నాదీ అంతేనా సార్ అని నవ్వుతూనే అడిగేవాళ్లు. ఆ నవ్వు ఎంతసేపు నిలబడేదో ఫోన్ పక్కన కూరగాయలు తరుగుతున్న నాకు వినిపిస్తూనే ఉండేది.

ప్రిన్సిపాల్ గారు మాత్రం ఇంటికొచ్చి మరీ క్షమాపణ చెప్పారు. ఓపిక ఉన్నంతకాలం సెక్షన్ ఆయనదేనన్నారు. వెనక బెంచీ టీచర్‌ని తీసేశారు. నోటుపుస్తకాలు తిరగేసిన తల్లిదండ్రులే ఇప్పుడు తమ రెండో పిల్లల కోసం దరఖాస్తులు పట్టుకుని తిరుగుతున్నారు. నేను కోరుకున్నదంతా జరిగింది.

ఈ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆయన చెప్పారు. రేపు స్కూలు హాల్లో తల్లిదండ్రుల సమావేశం. వేదిక మీద బోర్డు పెడతారు. ఆయన ఒక పాఠం చెప్పి ఒక తప్పు చేయాలి, పిల్లల్లో ఒకరు లేచి పట్టుకోవాలి. ఎవరు లేవాలో ప్రిన్సిపాల్ గారే నిర్ణయించారట. టీవీవాళ్లు వస్తున్నారు. టేపు కూడా వస్తాడు. మీరు ఒప్పుకున్నారా అని అడిగాను. కాదనడానికి ఇంకేం ఉందన్నారు.

కాగితం, పెన్ను తీసుకుని నా ఎదురుగా సర్దుకుని కూర్చున్నారు.

"ఏ తప్పు చేయమంటావు?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, ఏదో ఒక జవాబు చెప్పుకునేదాన్ని. బ్రాకెట్ విప్పేటప్పుడు రెండో గుర్తు అన్నాను.

"అది చిన్నది," అన్నారు. "వెనక వరసలో వాళ్లక్కూడా కనపడాలి. లెక్కలు రానివాళ్లక్కూడా తెలియాలి. పెద్దది చెప్పు."

మూడెనిమిదులు ఇరవయ్యారు అన్నాను.

రాసుకున్నారు.