మూర్తిగారి మడి

2003లో తణుకు దగ్గర ఒక పంచదార ఫ్యాక్టరీలో నాది టెంపరరీ ఉద్యోగం. కంప్యూటర్ సెక్షన్లో ఉన్నది ఇద్దరమే: నేనూ, మా పెద్దాయన గోపాలకృష్ణమూర్తిగారూ. చెరకు రైతులకు ఎవరు ఏ రోజు చెరకు కొట్టి తేవాలో చెప్పే కటింగ్ ఆర్డర్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ మాది.

మూర్తిగారిది కోనసీమ. ఇంట్లో మడి పాటించేవారో లేదో తెలియదు కానీ, ఆఫీసులో డేటాబేసుకు మాత్రం పాటించేవారు. నడుస్తున్న డేటాబేసును ఎవరూ నేరుగా ముట్టుకోకూడదు. పట్టికలో ఒక గడి చేర్చాలన్నా ముందు కోడ్‌లో రాసి, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో కింద ఒక ముక్క రాసి, మార్పుల చరిత్రంతా ఉండే వెర్షన్ కంట్రోల్‌లో దాచాలి. డేటాబేసును ఆ కోడ్ నుంచే కట్టుకోవాలి.

"ఈ మిషను రేపు కాలిపోయినా, ఆ కోడుంటే సాయంత్రానికి మళ్ళీ నిలబెట్టుకోవచ్చండి, సత్యప్రసాద్ గారూ" అనేవారు.

నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ మాట వినాలని ఎంత ఉంటుందో!

ఒకరోజు ముసలయ్యగారని ఒక కౌలు రైతు వచ్చారు. "చేను నేను చేత్తన్నానండి. ఆర్డర్లో పేరేమో భూమి గలాయనది వత్తందండి. కాటా దగ్గర నా బండి ఆపేత్తన్నారండి" అన్నారు.

ఆ రోజు మూర్తిగారు సెలవు పెట్టి అన్నవరం వెళ్ళారు. రెండు రోజులు ఆగే ఓపిక నాకెక్కడిది? నడుస్తున్న డేటాబేసులోనే కౌలుదారు పేరుకు ఒక గడి చేర్చి, నలభైమందిని ఎక్కించేశాను. పని చక్కగా నడిచింది. మడి చెడిన సంగతి ఆయనకు చెప్పలేదు.

జనవరిలో కొత్త సర్వరు వచ్చింది. మూర్తిగారు కోడ్ నుంచి డేటాబేసు కట్టి, పాత వివరాలు నింపారు. కోడ్‌లో నా గడి లేదు కనుక ఆ నలభై పేర్లూ రాలేదు. మర్నాడు కాటాకు వెళ్ళిన జాబితాలో ముసలయ్యగారి పేరు లేదు. కొట్టిన చెరకుతో ఆయన ట్రాక్టరు గేటు బయట ఎండలో నిలబడిపోయింది.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నన్ను పర్మనెంటు చేసే కాగితం అప్పుడే మేనేజరు బల్ల మీద ఉంది. అయినా మూర్తిగారికి అంతా చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. "పాత మిషను ఉంది కదండీ, పేర్లు తెచ్చుకుందాం. ముందు కోడ్ రాయండి" అన్నారు. రాశాను. "కింద ముక్క నేను రాస్తాలెండి. మీరు ముసలయ్యగారికి మజ్జిగ పట్టుకెళ్ళి, గంటలో పనైపోతుందని చెప్పండి" అని పంపేశారు. అన్నట్టే డేటాబేసు మళ్ళీ కట్టారు. ట్రాక్టరు కాటా ఎక్కింది.

తప్పెవరిదో తేల్చమని మేనేజరు కోడ్ చరిత్ర అడిగారు. మూర్తిగారే ప్రింటు పట్టుకెళ్ళారు. నెలాఖరుకు నా కాగితం వచ్చింది. మేనేజరు చూసీచూడనట్టు వదిలేశారనుకున్నాను. ఆ ఏడాది మూర్తిగారి ప్రమోషను ఆగిపోతే, అంత చాదస్తానికి ఎవరిస్తారులే అని నవ్వుకున్నాను కూడా.

ఆయన చనిపోయిన ఏడాది, పాత కోడ్‌ను కొత్త సర్వరులోకి మారుస్తూ ఆ ముక్కలన్నీ చదివాను. నా గడి దగ్గర ఆగిపోయాను.

"మార్చినది: గోపాలకృష్ణమూర్తి. ఎందుకు: ఈ గడి చేర్చాలని సత్యప్రసాద్ గారు ముందే చెప్పారు. నేను మరిచిపోయాను."

ఆయన రాసిన వందల ముక్కల్లో అబద్ధం అదొక్కటే. క్షమించమని అడగడానికి మనిషి లేడు. సిస్టం ముందు కూర్చుని ఏడ్చేశాను.