గ్లాసులో ఐదు బ్రష్‌లు

"ఆ పెట్టె కొంచెం అటు జరుపు వదినా, కెమెరాలో నీ మొహం పడట్లేదు," అనేసి, ఇంటక్క నాలుక కరుచుకుంది.

కుట్టుపనామె అత్తగారి బట్టలున్న రేకుపెట్టెను కాలితో పక్కకు నెట్టి, మళ్ళీ చీరలు మడతపెట్టసాగింది. ఉన్నవి మూడే చీరలు. పొద్దుటినుంచీ వాటినే విప్పుతోంది, వాటినే మడుస్తోంది. అత్తగారు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఎనిమిదేళ్ళ మనవరాలు ఆమె చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీది నరాలను వేలితో నొక్కి వదిలి, అవి మళ్ళీ పైకి లేవడం చూస్తోంది.

ఇంటక్క అన్నది జనం పెట్టిన పేరు. ఇళ్ళు చూపించే ఛానెల్లో ఆమె గొంతు వినని ఫోను ఆ ఊళ్ళో తక్కువ. ఛానెలు ఆమె సొంత అక్క మొగుడిది. కెమెరా ఆయనదే, నెలకు ఇచ్చే తొమ్మిది వేలూ ఆయనవే. నవ్వు మాత్రం ఆమెది. కట్టుకున్నవాడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాక ఆ తొమ్మిది వేలతోనే బతుకీడుస్తోంది. మొదట్లో మేడలు చూపించారు. పాలరాతి వంటిళ్ళు చూసి చూసి జనానికి మొహం మొత్తింది. ఒకసారి ఒంటిగది కాపురం చూపిస్తే లక్షలమంది చూశారు. అప్పట్నుంచి బావ మేడల వైపు కన్నెత్తి చూడలేదు. "లేనివాళ్ళ ఇల్లే మనకు అన్నం పెడుతోంది మరదలా," అని పకపకా నవ్వేవాడు.

ఇల్లు చూపించే ఈ టూరుకు ఒక వరస ఉంది. గడప, పొయ్యి, బీరువా, ఆఖరున స్నానాలగది. స్నానాలగది చూపించకపోతే వీడియో కింద జనం తిట్లు రాస్తారు.

నెల క్రితం ఇంటక్క ఈ గదిని తీయడానికి వచ్చినప్పుడు "ఎంతమంది ఉంటారు వదినా?" అని అడిగితే, "ముగ్గురం" అంది కుట్టుపనామె. కింద వాటాలో ఉండే ఇంటాయన ముగ్గురికనే గది అద్దెకిచ్చాడు. మిగతా ఇద్దరూ చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళని ఆయన్ని నమ్మించారు. ఆ పూట ఆమె అత్తగారినీ, తన చెల్లెల్నీ పక్కింట్లో కూర్చోబెట్టింది. చాపలు చుట్టి అటక మీద పడేసింది. వాళ్ళ చెప్పులు కూడా దాచింది. స్నానాలగది గూట్లో ఉన్న గ్లాసు మాట మరిచిపోయింది.

గ్లాసులో ఐదు బ్రష్‌లున్నాయి. ఐదూ ఐదు రంగులు. చూడగానే ఇంటక్కకు ముచ్చటేసింది. "చూడండి, ఒక్క గ్లాసులో సంసారమంతా ఎలా ఒదిగిపోయిందో!" అంటూ కెమెరాను దగ్గరికి తీసుకెళ్ళి కాసేపు అక్కడే ఉంచింది. ముగ్గురికి ఐదెందుకని ఆమెకు తట్టనే లేదు. రోజుకో ఇల్లు చూసే కంటికి వస్తువు కనబడుతుంది గాని, దాన్ని వాడే మనిషి ఎక్కడ కనబడతాడు?

ఇంటాయనకు మాత్రం కనబడ్డారు. టీ తాగుతూ ఫోనులో తన గదే చూసి మురిసిపోతున్నవాడు కాస్తా, ఆ గ్లాసు దగ్గర ఆపి లెక్కపెట్టాడట. "నా మోటారు, నా నీళ్ళు! ఆదివారంలోగా ఇద్దరు వెళ్ళిపోవాలి. లేదంటే ఐదుగురూ సామాను దించుకోండి," అన్నాడు. కుట్టుపనామె మొగుడు, ఎక్కడో వాచ్‌మన్, కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆ అద్దెకు ఇంకో గది దొరకలేదు. చెల్లెలు నిన్ననే హాస్టల్లో చేరింది, గదికి ఆరుగురు. ఈ రోజు అత్తగారి వంతు. కూతురింటికి వెళుతోంది. అల్లుడు వరండాలో మంచం వేస్తానన్నాడట, అది కూడా నాలుగుసార్లు అడిగించుకుని.

సంగతి తెలియగానే బావకు ప్రాణం లేచొచ్చింది. "ఇది కదా రెండో భాగం!" అంటూ తనే స్వయంగా వచ్చి, మూడు వేలు ముందే కుట్టుపనామె చేతిలో పెట్టాడు.

"ఎందుకొప్పుకున్నావు వదినా?" ఇంటక్క గుసగుసగా అడిగింది.

"వట్టి చేతుల్తో వెళితే ఆ వరండా కూడా నాలుగు రోజులే. అత్తయ్య కొంగున ఏదో ఒకటి కట్టి పంపాలిగా. నువ్వు తియ్యి తల్లీ. ఎలాగూ ఏడ్చేదే, కెమెరా ముందే ఏడుస్తాం."

"అంతా నా వల్లే..."

"నీ వల్ల కాదులే. గ్లాసు నేనే మర్చిపోయా."

తిట్టినా బాగుండేది అనుకుంది ఇంటక్క.

కింద ఆటో హారను మోగింది. కుట్టుపనామె మొగుడు తల్లి పెట్టె ఎత్తుకున్నాడు. ముసలామె గోడ పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగింది. వెనకాలే కెమెరాతో ఇంటక్క.

"నన్ను నవ్వమనకమ్మాయ్," అంది ఇంటక్కతో. "పళ్ళన్నీ ఊడిపోయాయి. చూసినవాళ్ళు జడుసుకుంటారు."

ఎవరూ నవ్వలేదు. ఆటో ఎక్కబోతుంటే మనవరాలు కొంగు పట్టుకుంది.

"నాన్నమ్మా, రాత్రికి వచ్చేస్తావుగా?"

"జడ వేసుకోవడం నేర్చుకో బంగారం. అమ్మకి తీరిక ఉండదు."

పిల్ల గొల్లుమంది. ఆ ఏడుపుకు చుట్టుపక్కల వాకిళ్ళలోకి జనం వచ్చారు. ఇంటాయన కిటికీ తలుపు వేసుకున్నాడు. తండ్రి పిల్ల వేళ్ళను ఒక్కొక్కటే విడదీశాడు. ఆటో కదిలింది.

"ఆగాగు!" అంతదాకా కింద కాచుకుని, ఇంటక్క పక్కనుంచి కెమెరా తెరలోకి చూస్తున్న బావ ఆటోకు అడ్డం పడ్డాడు. "ఎండ వెనకనుంచి కొట్టింది, మొహాలన్నీ నల్లగా వచ్చాయి. పెద్దమ్మా, ఒక్కసారి దిగి మళ్ళీ ఎక్కండి. పాపా, నువ్వు ఇందాకటిలాగే కొంగు పట్టుకోవాలి, సరేనా?"

ముసలామె కాదనలేదు. డబ్బు పుచ్చుకున్నాం కదా అనుకుందో ఏమో, కడ్డీ పట్టుకుని, ఒక కాలు బయటపెట్టి, నేల కోసం తడుముకుంటోంది. పిల్ల ఏడుపు ఆపేసింది. ముంజేత్తో ముక్కు తుడుచుకుని బావ దగ్గరికి వచ్చింది.

"అంకుల్, ఎప్పుడు ఏడవాలి? నాన్నమ్మ దిగేటప్పుడా, ఎక్కాకా?"

ఇంటక్క కెమెరా దించేసింది.

"దిగకండి అత్తా. కాలు లోపల పెట్టుకోండి."

"ఏంటే?" బావ నవ్వబోయాడు. "నిమిషం పని."

"నేను తియ్యను బావా."

"అయితే కెమెరా ఇటు తే. నేనే తీసుకుంటా."

"ఆటో వెళ్ళాక ఇస్తా."

బావ మొహం మాడిపోయింది. "మీ అక్క మొహం చూసి పనిస్తే ఇదా నువ్వు చేసేది? వీళ్ళకిచ్చిన మూడు వేలు ఎవడిస్తాడు?"

ఆ మాట విని ముసలామె కొంగుముడి విప్పబోయింది.

"మీరుండండి అత్తా. నా జీతంలో పట్టుకో బావా."

"జీతమా! ఇంకెక్కడి జీతం?"

ఇంటక్క కెమెరాను గుండెలకు అదుముకుంది. ఆటో అతను ఇద్దరి వంకా చూశాడు. "ఎవరి మాట వినమంటారు?"

"నా మాట. పోనివ్వన్నా."

ఆటో వెళ్ళిపోయింది. కుట్టుపనామె నాలుగడుగులు వెనకాలే పరిగెత్తి, రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. బావ ఏదో అరుస్తూనే ఉన్నాడు. పిల్ల మాత్రం ఆటో వైపు చూడలేదు. ఇంటక్క గుండెలకు అదుముకున్న కెమెరా వైపే కళ్ళప్పగించి, ఎప్పుడు ఏడవమంటారా అని కాచుకుని నిలబడింది.