బాలికల మరుగుదొడ్డి తాళం

నేను ఒక తాళం కప్పను. కొండి విరిగి, పొట్ట పగిలి, ప్రస్తుతం ఒక పాత ఇనుప కొట్టులో, కాలు లేని కుర్చీకీ తుప్పు పట్టిన సైకిలు చక్రానికీ మధ్య ఇరుక్కుని మీతో మాట్లాడుతున్నాను. అయ్యో అని జాలిపడకండి. నా కథ విన్నాక మీరే ఇంకో దెబ్బ వేసి పోతారు.

పుట్టింది ఉత్తరదేశంలో, ఊరంతా తాళాలు చేసే ఒక పట్నంలో. ఇత్తడి ఒళ్లు, ఉక్కు కొండి, కడుపులో ఆరు లీవర్లు. నన్ను చేసిన ముసలాయన నా తాళంచెవికి తప్ప ఇంకే చెవికీ లొంగనని నాతో ఒట్టు వేయించుకుని మరీ సంతకు పంపాడు. అక్కడి నుంచి రైలెక్కి, ఎడ్లబండెక్కి గుట్టకిందిపల్లె పటేలు ఇంటికి చేరాను. ఆ ఇంట్లో తొక్కు జాడీల గదికి కాపలా నేనే.

ఒకసారి జాతరకు వచ్చిన పహిల్వాను ఒకడు నన్ను చేత్తో లాగి తెరుస్తానని పందెం కట్టాడు. ఊరంతా చూస్తుండగా లాగాడు. తలుపు ఊడింది, గోడ కదిలింది, గోడ వెనక కట్టేసిన దూడ బెదిరి తాడు తెంచుకుని మూడు ఊళ్ల అవతల దొరికింది. పహిల్వాను భుజం జారింది. నేను మాత్రం కదల్లేదు. నమ్మకపోతే మీ ఇష్టం. పహిల్వాను ఇప్పుడు లేడు, దూడా లేదు, సాక్ష్యానికి మిగిలింది నేనే.

ఈ గొప్పలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఇంత మొండిదాన్ని చివరికి ఏ కొలువులో పెట్టారో మీకు తెలియాలని.

పటేలు వాళ్లు పట్నం పోతూ ఊరి బడికి రెండు బెంచీలు, ఒక గోడగడియారం, నన్నూ దానం ఇచ్చారు. హెడ్మాస్టరు విఠలయ్య సారు నన్ను అరచేతిలో ఎగరేసి చూసి మురిసిపోయాడు. అప్పుడే బడి వెనక కొత్తగా ఒక గది కట్టారు. గులాబీ రంగు గోడలు, తలుపు మీద రెండు జడల పిల్ల బొమ్మ, బొమ్మ కింద 'బాలికల మరుగుదొడ్డి' అని అక్షరాలు. ఒక నాయకుడు వచ్చి రిబ్బను కత్తిరించి, చప్పట్లు కొట్టించుకుని, లోపలికి తొంగి కూడా చూడకుండా వెళ్లిపోయాడు. ఆయన కారు రేపిన దుమ్ము అణగకముందే సారు నన్ను గొళ్లానికి తగిలించాడు.

"ఫొటో తీసేదాక ఉండనీ. పిల్లలు పాడు చేస్తరు" అన్నాడు.

ఫొటో తీశారు. తనిఖీ అయ్యేదాకా ఉండనిమ్మన్నాడు. తనిఖీ అయింది. నల్లా వచ్చేదాకా అన్నాడు. నల్లా రాలేదు. ఆ తర్వాత కారణం చెప్పడం కూడా మానేశాడు. అలా నాలుగేళ్లు ఆ తలుపుకు వేలాడాను.

సారు చెడ్డవాడు కాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఏ పిల్లకైనా జ్వరం వస్తే తన బండి మీద ఇంటి దగ్గర దింపి వచ్చేవాడు. కానీ ఆయన భయం ఆయనది. గది తెరిస్తే వాసన వస్తుంది. వాసన వస్తే పైనుంచి కాగితం వస్తుంది, దానికి జవాబు రాసుకోవాలి. మూసి ఉంచితే ఏ బాధా లేదు. 'బాలికలకు మరుగుదొడ్డి ఉన్నదా?' అని ఏటేటా వచ్చే కాగితంలో 'ఉన్నది' అని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. అబద్ధం కాదు కదా, ఉన్నది. తెరిచి ఉన్నదా అని ఏ మహానుభావుడూ అడగలేదు. అడిగితే తెలుసుకోవలసి వస్తుందని కాబోలు.

ఆ బడిలో డెబ్బై మంది ఆడపిల్లలు. పొద్దున తొమ్మిదికి వస్తే సాయంత్రం నాలుగున్నరకు ఇల్లు చేరడం. మగపిల్లలకు ప్రహరీ గోడ ఉంది, దాని అవతల లోకమంతా ఉంది. ఆడపిల్లలకు నేనున్నాను. పాపం, వాళ్లే ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. నీళ్లు తాగేవారు కాదు. మధ్యాహ్నం పప్పు ఎంత కారంగా ఉన్నా నాలుక బయటపెట్టి ఉఫ్ ఉఫ్ అని ఊదుకునేవారే తప్ప గ్లాసు ముట్టేవారు కాదు. ఒంటెను తెచ్చి ఆ బడిలో చేర్పించి ఉంటే రెండో రోజే టీసీ తీసుకుని ఎడారికి పారిపోయేది. ఈ పిల్లలు మాత్రం ఎక్కాలు అప్పజెప్పేవారు, పద్యాలు చదివేవారు, పెదవులు ఎండగట్టుకుని 'నీరు ప్రాణాధారం' అని పాఠం వల్లించేవారు.

వాళ్లలో నవనీత ఒకతి. ఎనిమిదో తరగతి. అమ్మానాన్నలు మట్టిపనికి బొంబాయి పోతే అవ్వ మల్లవ్వ దగ్గర పెరిగింది. ఆ బడిలో మధ్యాహ్నం వంట చేసేది మల్లవ్వే. ఆమెకు అక్షరం ముక్క రాదు. వంటశాల గోడ మీద ఏ రోజు ఏం పెట్టాలో రాసి ఉండేది. నాలుగేళ్లుగా దాన్ని ముగ్గు అనుకుందో ఏమో, ఎప్పుడూ పట్టించుకోలేదు. ఒకనాడు మనుమరాలు ఆ గోడ చదివింది.

"అవ్వా, బుధవారం గుడ్డు అని రాసిండ్రు. ఏదీ?"

"రాసినోణ్ని అడుగు పో. బియ్యమిస్తే అన్నం వండుత. గోడనిస్తే గుడ్డు వండుతనా?"

అలా కసిరిందే గానీ, మర్నాడు పోయి సారును నిలదీసింది. ఆ పై బుధవారం గుడ్డు వచ్చింది. అంతే, ఆ రోజు నుంచి మల్లవ్వకు చదువు మీద కొండంత గురి కుదిరింది. కట్టెలు తేవడానికి నా పక్క నుంచి పోతూ దారిన పోయే వాళ్లందరికీ చెప్పేది. "మా ఇంట్ల పది పాసయ్యే మొదటి మనిషి ఇదే. చూస్తుండుండ్రి" అని.

వానాకాలం నడుమ ఒక రోజు, రెండో పీరియడు సగంలో, నవనీత పుస్తకాల సంచి నడుముకు వెనక అడ్డం పెట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. సారును చెవి అడగడానికి నోరు రాలేదేమో, జడలోంచి పిన్ను తీసి నా కడుపులో గుచ్చింది.

"తెరుచుకోవే. నీకు దండం పెడత" అంది.

ఇప్పుడు నా సిగ్గుమాలినతనం చెబుతాను, వినండి. ఆ పిన్ను నా నాలుగు లీవర్లు ఎత్తింది. మిగిలిన రెండూ నేను ఎత్తుకుంటే సరిపోయేది. పహిల్వానుకే లొంగనిదాన్ని జడపిన్నుకు లొంగుతానా అని బిగుసుకు కూర్చున్నాను. పిన్ను విరిగింది. ఆ పిల్ల ఏడుస్తూ నిలబడి ఉండగా విఠలయ్య సారు అటు వచ్చి, సంగతి గ్రహించి, తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఇంటికి పో బిడ్డా. నాలుగు రోజులు రాకు. హాజరు నేనేస్త లే" అన్నాడు.

చెవి ఆయన జేబులోనే ఉంది. దాని చప్పుడు నాకు వినిపించింది. జేబులో చెయ్యి పెట్టడానికి బదులు నాలుగు రోజుల చదువు తీసేశాడు, పైగా అది దయ అనుకున్నాడు. ఇలాంటి దయ చూసే నాకు తుప్పు పట్టింది, వానకు కాదు.

ఆ సాయంత్రమే మల్లవ్వ ఆయన దగ్గరికి వెళ్లింది. "సారూ, చెవి నాకియ్యి. రోజూ నేనే కడుగుత. నీళ్లు బాయిల నుంచి మోస్త."

"నువ్వు వంట చేసేదానివి మల్లవ్వా. అవి కడిగిన చేత్తో వండితే ఆ అన్నం ఎవరు తింటరు? నీ కొలువుకే మోసం వస్తది."

కొలువు మాట వినేసరికి మల్లవ్వ వెనక్కి తిరిగింది. ఆ ఇల్లు గడిచేది ఆ గరిటెతోనే.

మరుసటి నెల ఇంకో నాలుగు రోజులు పోయాయి. ఆ పై నెల అయిదు. ఆ రోజుల్లోనే భిన్నాలు అయిపోయాయి, ఇంగ్లీషులో రెండు పాఠాలు అయిపోయాయి, పరీక్ష కూడా అయిపోయింది. తరగతిలో ముందు బెంచీలో కూర్చునే నవనీత ఏమీ అర్థం కాక వెనక బెంచీకి జరిగింది. ఆ తర్వాత బడికే రాలేదు. విత్తనాల పత్తి చేలకు ఆటోలో పిల్లల్ని తోలుకుపోయే మేస్త్రీ ఒకడుంటే, వాడి వెంట పనికి పోయింది. అక్కడ విత్తనం కట్టడానికి పువ్వుకు పువ్వు అద్దే పని. ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, మొక్క ఎత్తే ఉంటారు, పని చక్కగా సాగుతుంది అని వాడు వాళ్లను తెగ మెచ్చుకునేవాడు. బడిలో ఆ వేళ్లతో పెన్సిలు పట్టుకుంటే ఇంకా చక్కగా ఉంటుందని వాడికి ఎవరు చెప్పాలి?

ఒక మధ్యాహ్నం నవనీత అవ్వకు ఇంటి చెవి ఇచ్చిపోదామని వచ్చింది. ఇద్దరూ నా ముందే నిలబడ్డారు.

"రేపు బడికి రావే" అంది మల్లవ్వ.

"రాను."

"ఎందుకు రావు? పది పాసు కావా?"

"చేనుల మొక్కలన్న ఉన్నయి అవ్వా, చాటుకు పోవచ్చు. బడిల ఏమున్నది?"

మల్లవ్వ నా వైపు చూసింది. సారు గది వైపు చూసింది. కట్టెల మోపు ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఇక బహుమతి సంగతి. మా బడికి 'పరిశుభ్ర పాఠశాల' బహుమతి వచ్చింది. దేనికయ్యా అంటే, మరుగుదొడ్డి అద్దంలా ఉన్నందుకు. ఉండదా మరి? నాలుగేళ్లలో అందులోకి పోయింది రెండు బల్లులు, ఒక కప్ప. బహుమతి ఇవ్వడానికి జిల్లా నుంచి పెద్దాఫీసరు వచ్చాడు. మామిడాకులు కట్టారు, మైకు పెట్టారు. ఆడపిల్లల్ని ఎండలో వరుసగా నిలబెట్టి పరిశుభ్రత మీద పాట పాడించారు. సారు జేబులోంచి చెవి తీసి, గుడి తలుపు తీసినంత భక్తిగా నన్ను తెరిచాడు. ఆఫీసరు లోపలికి తొంగిచూశాడు.

"ఎంత శుభ్రం. అసలు వాడినట్టే లేదే" అన్నాడు.

"అంతా మా పిల్లల క్రమశిక్షణ సార్" అన్నాడు విఠలయ్య సారు.

ఫొటో తీశారు. తలుపు వేశారు. టక్కున నన్ను మళ్లీ బిగించారు. అతిథులకు వడ్డించడానికి గరిటె పట్టుకుని నిలబడ్డ మల్లవ్వ ఇదంతా వింది. గరిటె కింద పెట్టింది. వంటశాలలోకి పోయి మసాలా నూరే పొత్రం రెండు చేతులా పట్టుకుని వచ్చింది.

"పెద్దసారూ, వాడినట్టే లేదన్నరు గదా. గా ఒక్క ముచ్చట నిజమన్నరు" అని నా నెత్తిన ఒకటి వేసింది.

"మల్లవ్వా, అది సర్కారు ఆస్తి" అన్నాడు సారు.

"సర్కారు కట్టింది పిల్లలకు సారూ, తాళానికి కాదు."

రెండో దెబ్బ. అలవాటు కొద్దీ తట్టుకున్నాను. మూడోదానికి ఆమె చేతులెత్తినప్పుడు ఆ ముఖం చూశాను. నన్ను తెరవాలని ఎంతోమంది కోరుకున్నారు గానీ, తెరుచుకోవాలని నేను కోరుకున్నది మాత్రం అప్పుడే. కొండి వదిలేశాను. అరవై ఏళ్ల ముసలిదానికి ఓడానో, కావాలనే వదిలానో, అది నా గుట్టు.

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. పాట పాడిన పిల్లల్లో అందరికన్నా చిన్నది, ఆరో తరగతి పిల్ల, మెల్లగా వరుసలోంచి బయటికొచ్చి లోపలికి పోయి తలుపేసుకుంది. లోపలి గడియ పడిన చప్పుడు మైకులో కూడా వినిపించింది. దాని వెనక ఇంకో పిల్ల, ఇంకో పిల్ల. ఆ వరుస గేటు దాటి పక్క ఊరి పొలిమేర దాకా పోయిందంటే మీరు నమ్మరు. సరే, వంటశాల దాకా అనుకోండి.

మల్లవ్వను వారం రోజులు వంటకు రావద్దన్నారు. ఆ వారం ఎవరో చేసిన అన్నం రోజూ మాడింది. ఆరో రోజున పిల్లల తల్లులు గిన్నెలు పట్టుకుని బడి ముందు కూర్చున్నారు. మల్లవ్వను పిలిపించారు. బిందెలతో నీళ్లు మోసే పని ఆ తల్లులే వంతులు వేసుకున్నారు. నల్లా ఇంకా రాలేదనుకోండి. మళ్లీ ఎన్నికలు రావాలి కదా.

నన్ను మాత్రం సారు బల్ల మీద పెట్టుకున్నాడు, సర్కారు ఆస్తి ధ్వంసం చేసినందుకు ఫిర్యాదు రాద్దామని. అందుకే చూడగలిగాను. ఒక ఉదయం నవనీత వచ్చి బల్ల ముందు నిలబడింది. పువ్వుల పుప్పొడికి వేళ్లు ఇంకా పచ్చగా ఉన్నాయి.

"ఇన్ని రోజులు ఎందుకు రాలేదు?" అన్నాడు సారు, అలవాటు కొద్దీ.

ఆ పిల్ల నన్ను చూసింది. చూస్తూనే ఉంది. సారు పక్కనున్న దినపత్రిక తీసి నా మీద కప్పాడు. హాజరుపట్టీలో పేరు మళ్లీ రాస్తున్న చప్పుడు కాగితం కింద నుంచి విన్నాను. ఆ ఫిర్యాదు మాత్రం ఎప్పుడూ రాయలేదు.

కొన్నాళ్లకు పాత సామాన్ల బండివాడు గేటు ముందు ఆగితే మల్లవ్వ సారు బల్ల మీంచి నన్ను తీసుకెళ్లి ఇచ్చి రెండు గుప్పెళ్ల ఉల్లిగడ్డలు పుచ్చుకుంది. అలా ఈ కొట్టుకు వచ్చాను. ఇక్కడ నాలాంటివి చాలా ఉన్నాయి. ఒకటి బడి పుస్తకాల బీరువాకు కాపలా కాసిందట, పిల్లలు చదివితే పేజీలు నలుగుతాయని. ఇంకొకటి ఆటసామాన్ల పెట్టెకు. మరొకటి ఆడపిల్లల హాస్టలులో నీళ్ల మోటారు గదికి. మాలో ఒక్కటీ దొంగను ఆపిన పాపాన పోలేదు. ఆపిందంతా పిల్లల్నే. రేపో మాపో మమ్మల్ని కొలిమికి పంపుతారు. కరిగించే అన్నా, నీకు పుణ్యముంటుంది, నన్ను లోపలి నుంచి వేసుకునే గడియగా చెయ్యి. మళ్లీ తాళంగా మాత్రం పొయ్యకు.

వెళ్లేముందు ఒక్కటి చెప్పి ఆపుతాను. ఆ రోజు బండివాడు గేటు దగ్గరే కూర్చుని భోజనం చేసి పోయాడు, మల్లవ్వ అతనికీ ఒక పళ్లెం పెట్టింది. సంచి కంతలోంచి నేను పిల్లల పంక్తి చూశాను. నన్నిచ్చి తీసుకున్న ఉల్లిగడ్డలు సాంబారులో పడ్డాయి. కారం కాస్త ఎక్కువైనట్టుంది. నవనీత రెండు ముద్దలు తిని, ఉఫ్ అని ఊది, గ్లాసు అందుకుంది. గడగడా తాగింది. మళ్లీ నింపుకుని, అదీ తాగింది.