మూడు నుంచి నాలుగు

బీరువా వెనకవైపు నల్లరంగు వేస్తే బోర్డయింది. దానిమీది నిన్నటి గుణకారాలు తడిగుడ్డతో తుడిచి, అదే తడి చేత్తో చిన్నదాని నుదుటిమీది జుట్టు సర్ది, అమ్మ కిటికీ ఊచకు కట్టిన సైకిలు గంట మూడుసార్లు మోగించింది. తొమ్మిదయింది. బడి మొదలైంది.

ఆ బడికి ఇద్దరే పిల్లలు: పదేళ్ళ పెద్దది, ఆరేళ్ళ చిన్నది. హెడ్మిస్ట్రెస్సు, టీచరు, ఆయా అన్నీ అమ్మే. జీతం లేదు సరే, ఆ ఉద్యోగానికి సెలవన్నది ఒకటుంటుందని ఎనిమిది నెలలుగా ఆమెకు తట్టలేదు. కూర్చుంటే టీచరు అలుసైపోతుందని కూర్చునేది కూడా కాదు. విరామంలో బట్టలు ఉతికేది. సాయంత్రానికి పిక్కలు బిగుసుకుపోతే కాళ్ళు గోడకు చాపి, రేపటి పాఠాలు రాసుకునేది.

అంతకుముందు ప్రింటింగు ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దేది. పెద్దదానికి మాట తడబడుతుంది. ఒకసారి తరగతంతా నవ్వాక అది బడిలో నోరు విప్పడమే మానేసింది. హాజరుకు కూడా పలక్కుండా చెయ్యెత్తేది. ఏడాది చూసి అమ్మ దాన్ని బడి మాన్పించి, ప్రెస్సు పని తనూ మానేసింది. ఇంట్లో మూడు నెలలకు మాట తిరిగొచ్చింది. ఇప్పుడు చెల్లెలితో పోట్లాడుతుంది కూడా. ఆ పోట్లాట వింటే అమ్మకు ప్రాణం లేచొచ్చేది.

"నీవల్ల కాకపోతే చెప్పు, మళ్ళీ బడిలో వేసేద్దాం" అంటాడు బస్సు నడిపే నాన్న, ఆమె కళ్ళకింద నలుపు చూసి. ఆ మాట నిజం కాకూడదనే ఆమె పంటిబిగువున నెట్టుకొస్తోంది.

పదకొండింటికి భాగహారం. శేషమెంతని మూడోసారి అడిగింది. పెద్దది తడబడింది. తప్పు కనిపిస్తే ఆగలేకపోవడం ప్రెస్సులో అబ్బిన అలవాటు. పిల్ల మాట ఆగినప్పుడల్లా మిగతాది తనే అందించేసేది. ఇవాళ అందించే ఓపిక కూడా లేకపోయింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నోట్లో ఏముంది?" అని అరిచేసింది.

పెద్దది నోరు తెరిచింది. మాట పెగల్లేదు. కాసేపు పెదవులు కదిపి, చివరికి చెయ్యెత్తింది.

అమ్మకు భయం వేసింది. ఆ బడినుంచి పిల్లను తప్పించి, ఆ బడినే ఇంట్లో పెట్టుకున్నానా అనిపించింది. సుద్దముక్క వదిలేసి నేలమీద చతికిలబడింది.

"తప్పు నాదేనమ్మా. అలిసిపోయి అరిచాను."

పెద్దది తల ఊపింది, అంతే. ఆ తర్వాత చెల్లెలితోనూ మాట్లాడలేదు.

అమ్మ అలాగే కూర్చుని లెక్క వేసుకుంది. పెద్దదానికి ఇంకా ఆరేళ్ళ చదువుంది. ఈ తీరున తను ఆరు వారాలు కూడా నిలబడదు. మానేది మాత్రం లేదు. ఇలా చేసేదీ లేదు.

తెల్లవారుజాము డ్యూటీ దిగి వచ్చిన నాన్న, భోంచేసి నడుం వాల్చబోతుంటే చెప్పింది.

"రోజూ మూడు నుంచి నాలుగు దాకా నేను ఇంట్లో ఉండను. పిల్లలు నీ దగ్గరుంటారు."

"నాకేం పాఠాలొచ్చు?"

"పాఠాలొద్దు. మనిషివి ఉంటే చాలు."

"మరి నా నిద్రో?"

"ఇప్పుడే పడుకో, మూడింటికి లేపుతా. లేవకపోతే చిన్నది నీమీదెక్కి బస్సు నడుపుతుంది."

ఆయన నవ్వాడు. నవ్వుతూనే, "బడిలో వేసేస్తే ఈ బాధే ఉండదుగా" అన్నాడు.

"అక్కడ అది మళ్ళీ నోరు మూసుకుంటుంది. నేను పంపను. పంపకుండా ఉండాలంటే నాకో గంట కావాలి."

ఆయన దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. మూడింటికి లేపకుండానే లేచి కూర్చున్నాడు.

ఆమె చెప్పులు వేసుకుంది. ఎక్కడికని చిన్నది అడిగితే, "ఊరికే, నడవడానికి" అంది. అప్పుడు పెద్దది గుమ్మం దాకా వచ్చింది.

"రే... రే..."

ఆ మాట అమ్మ నాలుక చివరే ఉంది. అందించలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. వీధిలో ఎవరో స్టార్టవని స్కూటరును నాలుగుసార్లు తన్నారు. చివరికి అదీ స్టార్టయింది. అమ్మ కదల్లేదు.

"రేపు కూడా వెళ్తావా?"

"రోజూ వెళ్తాను. రోజూ నాలుగింటికి వచ్చేస్తాను."

పెద్దది కాస్త ఆలోచించి, "స... సరే, వెళ్ళు" అంది.

అమ్మ మెట్లు దిగి, వెనక్కి చూడకుండా మలుపు తిరిగింది. వంటింటి సింకులో మధ్యాహ్నపు మూకుడు తోమకుండానే ఉంది, నిండా నీళ్ళు పోసి.