పచ్చికలప గదులు

ఇంటింటి బట్టలూ ఇస్త్రీ చేసి బతికే ఆమెను అందరూ ఇస్త్రీ అత్త అనేవారు. ఆమె మూడో అంతస్తు వరండాలో కాలు పెట్టింది. కాలి కింది చెక్క పలక విరిగింది. ముందు బట్టల మూట పడింది, దాని వెనకే ఆమె. పొద్దున ఎనిమిది గంటలకు, నీళ్ల కోసం బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లందరి కళ్ల ముందు.

తలుపు బందులు సరిచేయడానికి వచ్చిన మేస్త్రీ కూడా చూశాడు. జనమంతా ఆమె దగ్గరికి పరుగెత్తారు. అతని కాళ్లు మాత్రం మెట్లెక్కాయి. విరిగిన పలకను బొటనవేలితో నొక్కాడు. మాగిన పండులోకి దిగినట్టు వేలు దిగింది.

ఆసుపత్రికి చేరేలోపే అత్త పోయింది.

ఆ చెక్క మేడల్లోని ముప్పైఆరు గదులూ అతని చేతుల మీదుగా వచ్చినవే. కాలువగట్టు గుడిసెలు కూల్చినప్పుడు సర్కారు మాటిచ్చింది. ఫ్యాక్టరీలో చెక్కతో గోడలు, నేలలు, కప్పులు చేసి, లారీల మీద తెచ్చి, బోల్టులతో బిగించి వారంలో ఇళ్లు నిలబెడతామంది. నరికిన ప్రతి చెట్టుకూ మరో చెట్టు నాటతామంది. వేసవిలో చల్లగా ఉంటాయంది. అబద్ధమేం కాదు. బాగా ఆరిన కలపతో కడితే ఆ ఇల్లు మూడు తరాలు నిలుస్తుంది. పేదోళ్లకు గట్టి ఇల్లు కడుతున్నానని మేస్త్రీ ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాడు.

కానీ కలప ఆరడానికి రోజులు కావాలి. కాంట్రాక్టరుకు అంత ఓపిక లేదు. పచ్చికలపకు రెండు వైపులా నీరు చొరని షీటు వేసి మూసేయమన్నాడు. పలకలు చూసి, బాగా ఆరాయని ముద్ర కొట్టాల్సింది మేస్త్రీ.

"ఇంకో మూడు వారాలు ఎండాలి సార్," అని అతను నసిగాడు.

"అందులో కాపురముండేది నువ్వా, మీ అత్తగారా? కొట్టవయ్యా!" అని సూపర్‌వైజర్ నవ్వాడు.

కొట్టాడు. ఎవరూ చెయ్యి పట్టుకుని కొట్టించలేదు. లోపలి తడి లోపలే కుళ్లింది. మరుసటి నెలలో అతణ్ని షెడ్డు మొత్తానికి పెద్దమేస్త్రీని చేశారు.

అత్త పోయిన మూడో రోజున మున్సిపాలిటీ వాళ్లు నోటీసు అంటించారు. నివాసులు బరువైన ఇస్త్రీపెట్టెలు వాడారట, నేల మీద నీళ్లు ఒలకబోశారట, అందుకే చెక్క పాడైందట. రెండు రోజుల్లో ఖాళీ చేయాలి. గదులన్నీ ఊడదీసి పట్టుకుపోతారు. జనం మళ్లీ గట్టు మీదికి.

అత్త కూతురు అదే ఫ్యాక్టరీలో పలకలు నునుపు చేసే పనిలో ఉంది. ఆ మధ్యాహ్నం పనిలోకి వచ్చి, తిన్నగా అతని బల్ల దగ్గర నిలబడింది.

"బాబాయ్, మా అమ్మ నిండా నలభై కిలోలు ఉండదు. ఆ పలక ఆమాత్రం మోయలేదా?"

"నీళ్లు నిలిచాయేమోనమ్మా," అన్నాడు మేస్త్రీ.

ఆమె తలూపి వెళ్లిపోయింది. ముద్ర కొట్టిన రోజు భయపడ్డాడు సరే, ఈ మాట ఎందుకన్నాడు?

సాయంత్రం ఇళ్ల మధ్య ఖాళీ జాగాలో అక్కడి జనం మీటింగు పెట్టారు. ఫ్యాక్టరీ కార్మికులూ వచ్చారు. వాళ్లను చూడగానే జనం భగ్గుమన్నారు.

"ఈ కుళ్లు కొంపలు కట్టింది మీరే కదరా!"

"చెప్పిన పని చేశాం! చెయ్యకపోతే మా పిల్లలకు కూడెవడు పెడతాడు?"

"మా పిల్లలు మాత్రం కింద పడి చావాలా?"

చేతులు లేచాయి. మేస్త్రీ జనాన్ని తోసుకుంటూ మధ్యకు వచ్చాడు.

"వాళ్లను అనకండి. పచ్చికలపని తెలిసీ ముద్ర కొట్టింది నేను. నన్నేం చేస్తారో చేసుకోండి."

ఎవరో చొక్కా పట్టుకున్నారు. అతను విడిపించుకోలేదు, ఏడ్చాడు. అత్త కూతురు లేచింది.

"మధ్యాహ్నం అడిగితే నీళ్లన్నావు."

"అన్నాను."

"నిన్ను కొడితే మా అమ్మ లేచొస్తుందా? ఏడుపేదో నీ ఇంటికెళ్లి ఏడువు. ముందు ఇది చెప్పు, ఎన్ని గదులు కుళ్లాయి?"

"పంతొమ్మిది."

"అవి ఎవరి కంటా పడకూడదనే ఎల్లుండి ఊడదీస్తున్నారు. అంతేనా?"

ఫ్యాక్టరీ క్రేన్ డ్రైవర్ అందుకున్నాడు. "అయితే వాళ్లకన్నా ముందు మనమే ఊడదీద్దాం. తీసుకెళ్లి మున్సిపల్ ఆఫీసు ముందు బిగిద్దాం, ఊరంతా చూడనీ!"

"ఉన్న కొంప మనమే పీక్కోవాలా? బాగుందయ్యా వరస!" అన్నాడో ముసలాయన. జనం నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ ఆలోచనలో పడ్డారు.

తెల్లవారాక క్రేన్ డ్రైవర్ ఎవర్నీ అడక్కుండా ఫ్యాక్టరీ క్రేన్ తెచ్చాడు. ఏ బోల్టు ముందు విప్పాలో, ఏది చివర విప్పాలో మేస్త్రీ చూపించాడు. ఆడవాళ్లూ కార్మికులూ స్పానర్లు పట్టారు. అత్త గది గోడలు, నేల, కప్పు, విరిగిన వరండా పలకతో సహా కిందికి దిగాయి. ఒక్కో గోడకు ముప్పైమంది భుజాలిచ్చారు. కాలేజీ దాటేటప్పుడు విద్యార్థులు పరుగున వచ్చి బరువు పంచుకున్నారు. మధ్యాహ్నానికల్లా మున్సిపల్ ఆవరణలో గది లేచి నిలబడింది. దారిన పోయేవాళ్లు ఆగి, విరిగిన పలకను వేలితో నొక్కి చూసి, తిట్టుకుంటూ పోయారు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. "సర్కారు ఆస్తి దొంగతనం! ఎవడు ఊడదీశాడు?"

"నేనే. కుళ్లుతుందని తెలిసీ ముద్ర కొట్టింది నేనే, కొట్టమన్నది కాంట్రాక్టర్. అన్నీ రాసుకోండి," అన్నాడు మేస్త్రీ.

"మొదటిది చాలు. జీపెక్కు."

"మిగతాది రాసేదాకా ఎక్కను."

"రాయి!" అంది అత్త కూతురు. "రాయి!" అన్నారు కార్మికులు. ఆవరణంతా అదే మాట. ఇన్‌స్పెక్టర్ అటూ ఇటూ చూశాడు. ఉన్నది ఎనిమిదిమంది పోలీసులు, ఎదురుగా వెయ్యిమంది జనం. జీపు ముందు కాగితం పెట్టుకుని రాశాడు. పైకి చదివి వినిపించేదాకా వాళ్లు దారి ఇవ్వలేదు.

జీపెక్కుతూ మేస్త్రీ అత్త కూతురి వైపు చూశాడు. క్షమించానని ఆమె అనలేదు. అడిగే ముఖం అతనికీ లేదు.

"మేస్త్రీ, పక్క గది ఎక్కడ మొదలుపెట్టాలి?" అంది.

"కప్పు మీద ఎడమ మూల. కింద మనుషులు లేకుండా చూసుకోండి."

జీపు మలుపు తిరిగేసరికి ఆవరణ సగం ఖాళీ అయింది. జనం పారిపోలేదు. ఇంకా పద్దెనిమిది గదులు తేవాలి.