చరణం దగ్గర నొప్పి

ఆ ఇంట్లో ఆమెను అందరూ పల్లవి అనే పిలిచేవారు. అది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు, బావ తగిలించిన తోక. పాటలు రాయాలని పన్నెండేళ్లుగా కలం పట్టుకున్న ఈ మరదలు ఇప్పటికి అరవై మూడు పల్లవులు రాసింది. చరణం మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు.

"మా లిఫ్టుకీ నీ పాటకీ ఒకటే జబ్బు తల్లీ," అనేవాడు లిఫ్టులు బాగుచేసే బావ. "మొదటి అంతస్తులో తలుపు తెరుచుకుంటుంది, పైకి మాత్రం కదలదు."

ఆమె ఉడుక్కునేది కాదు. ఆ మాట తనను తాను అంతకంటే ఘాటుగా ఎప్పుడో అనుకుంది.

ముప్పై నాలుగు నిండిన ఆ ఏడు మాత్రం అటో ఇటో తేల్చుకోవాలనుకుంది. ఫోన్లో చూసిన వీడియోలో కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, "లక్ష్యాన్ని కాగితం మీద పెట్టండి, నలుగురికీ చెప్పండి, సిగ్గే మిమ్మల్ని ముందుకు తోస్తుంది" అన్నాడు. సరేనని అట్ట మీద గళ్లు గీసింది. ఏడాదికి యాభై పాటలు. వారానికొకటి, రెండు వారాలు జ్వరానికి వదిలేసింది. గళ్లు గీసి రంగులు వెయ్యడానికే ఆదివారమంతా పట్టింది కాబట్టి ఆ వారం పాట రాయలేదు. అక్కకీ, బావకీ, కింద ఇస్త్రీ చేసే ఆయనకీ కూడా చెప్పింది. "పాటయిందా అమ్మా?" అని ఆయన రోజూ అడుగుతుంటే, నాలుగో వారం నుంచి వెనక మెట్ల మీదుగా దిగడం మొదలుపెట్టింది. సిగ్గు తోసిన మాట నిజమే. కాకపోతే వెనక్కి తోసింది.

ఆమె ఉద్యోగం పళ్ల డాక్టరమ్మ దగ్గర. కుర్చీ పక్కన నిలబడి, రోగి నోట్లో ఊరే నీళ్లు పీల్చే గొట్టం పట్టుకోవాలి. దూది అందించాలి. జీతం ఎలా ఉన్నా శ్రోతలకు కొదవ లేదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, అది పనిచేసేలోగా డాక్టరమ్మ పక్క గదిలో ఇంకొకరిని చూసొచ్చేది. ఆ పది నిమిషాల్లో ఈమె తన కొత్త పల్లవి మెల్లగా పాడి వినిపించేది. తిమ్మిరెక్కిన నోరు తెరుచుకుని కూర్చున్న మనిషి "ఆ" అనడం తప్ప ఏం చేస్తాడు? ఆ "ఆ"లన్నీ మెచ్చుకోళ్లేనని ఆమె నమ్మకం.

ఒక సోమవారం రూట్ కెనాల్ కోసం ఒక నడివయసు ఆయన వచ్చాడు. అలవాటు ప్రకారం, "నింగీ నేలా కలిసే చోట నీ చిరునామా దొరికింది" అని అందుకుంది. ఆయన "ఆ" అనలేదు. కుర్చీ అంచు మీద వేళ్లతో తాళం వేశాడు.

పని అయ్యాక, ఒక పక్క పెదవి ఇంకా వేలాడుతుండగానే, "నేను బాణీలు కడతానమ్మా," అన్నాడు. "ఒక బట్టల మిల్లు పాతికేళ్ల వేడుకకి పనివాళ్లు పాడే పాట కావాలి. బాణీ ఉంది, మాటల్లేవు. మీ పల్లవి అందులో కూర్చుంటుంది. చరణాలున్నాయా?"

"ఉన్నాయి మాస్టారూ. రెండు."

అబద్ధం అంత నున్నగా జారినందుకు ఆమె తనే నివ్వెరపోయింది. అరవై మూడు పల్లవుల్లో ఒక్కటీ అంత తేలిగ్గా రాలేదు.

"అయితే వచ్చే సోమవారం రెండో విడతకి వచ్చినప్పుడు వినిపించండి," అని బాణీ ఫోన్లో పంపి వెళ్లిపోయాడు.

మంగళవారం కొత్త నోటుబుక్కు కొంది. బుధవారం అయిదింటికే లేచి పెన్సిళ్లన్నీ చెక్కింది. గురువారం ఏ పెన్సిల్ చేతికి బాగా కుదురుతుందో చూసింది. అలా అలా ఆదివారానికి గుక్క తిప్పుకోకుండా రెండు చరణాలు పడ్డాయి. "వెన్నెల వన్నెల కన్నెల కన్నుల" అని మొదలవుతుంది మొదటిది.

అక్క విని, "ఇది పాటా, నాలుకకి కసరత్తా?" అంది.

సోమవారం డాక్టరమ్మ మాస్టారికి మామూలుగా చెప్పే మాటే చెప్పింది. "నొప్పి పుడితే ఎడమ చెయ్యెత్తండి." ఆయన నోరు తెరుచుకుని, పాడమన్నట్టు ఈమెకేసి కళ్లెగరేశాడు. ఆయన కదలకుండా ఉంటే చాలు, పాడుకోమంది డాక్టరమ్మ.

"వెన్నెల వన్నెల" దగ్గరే ఎడమ చెయ్యి లేచింది. డాక్టరమ్మ మిషను ఆపేసింది.

"నొప్పా?"

ఆయన కాదన్నట్టు తల ఊపి, వేలు ఈమె వైపు చూపించాడు. రెండు చరణాలు పూర్తయ్యేలోపు ఆ చెయ్యి నాలుగుసార్లు లేచింది.

"నీ పాటకి కూడా మత్తివ్వాలేమో అమ్మాయ్," అంది డాక్టరమ్మ.

మాస్టారు నోరు పుక్కిలించుకుని లేచి, "పొద్దున్నే మగ్గం మిషను ముందు నిలబడేవాళ్లు పాడాలమ్మా ఇది. వెన్నెల్నీ కన్నెల్నీ వాళ్లేం చేసుకుంటారు? గురువారం నా పంటికి తొడుగు వేస్తారు. ఆ తర్వాత నేనిటు రాను," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

ఎక్స్-రే గదిలో అన్నం డబ్బా ముందు పెట్టుకుని మూత తీయకుండా కూర్చుంది. చేతులు కడుక్కుంటున్న డాక్టరమ్మ చూసింది.

"ఎన్నేళ్లుగా రాస్తున్నావ్?"

"పన్నెండేళ్లు మేడం. నాకు రాయడం రాదని ఈ రోజు తెలిసింది."

"చరణాలు ఎన్నాళ్లుగా?"

"నిన్నటి నుంచి."

"మరింకేం. నేను చదువుకునేటప్పుడు మొదటిసారి పన్ను పీకబోతే పక్క పన్ను ఊడొచ్చింది. రెండోసారి సరైనదే వచ్చింది. అన్నం తిను."

మర్నాడు మధ్యాహ్నం యాభై పాటల సంగతి పక్కన పెట్టి, డబ్బా ఖాళీ అయ్యేలోగా ఒక్క వాక్యం చాలనుకుంది. గది గుమ్మంలోంచి చూస్తే బయట రోగుల చెప్పులు వరసగా ఉన్నాయి. అరిగినవి, మడమ దగ్గర కుట్టు వేసినవి, ఒకదాని మీద ఒకటి ఒరిగినవి. బాణీ కూనిరాగం తీస్తూ రాసింది:

"పొద్దున చెప్పులు ముందే లేచి పనికి నన్ను నడిపిస్తాయి,
సాయంత్రం నా కంటే అలిసి గడపకు ఆనుకు నిదరోతాయి."

ఇందులో నింగి లేదే, వెన్నెల లేదే, ఇది పాటెలా అవుతుందని దిగులు పడింది. అయినా బుధవారం మిగతా వాక్యాలు అదే దారిలో లాక్కొచ్చింది.

గురువారం పాడుతుంటే మాస్టారి చెయ్యి లేవలేదు. కళ్లు కూడా మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని భయపడి రెండో చరణం కాస్త గట్టిగా పాడింది.

"చెప్పుల చరణం నేను తీసుకుంటున్నా," అన్నాడు లేస్తూ. "అదే పల్లవిగా పెడతా. ఆ నింగీ నేలా మీ దగ్గరే ఉంచుకోండి."

పన్నెండేళ్లలో మొదటిసారి ఆమె మాటలు ఒకరికి పనికొచ్చాయి. తను పల్లవి అనుకుని రాసింది మాత్రం తిరుగు టపాలో వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక, "నోరు పుక్కిలించండి మాస్టారూ," అంది.

వేడుకకి అక్కాబావల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. మూడొందల గొంతులు కలిసి పాడాయి. వెనక వరసవాళ్లు "గడపకు ఆనుకు" అనాల్సిన చోట "గడియారానుకు" అన్నారు. బావ అందరికంటే ముందు, పాట సగంలోనే చప్పట్లు కొట్టేశాడు. తర్వాత పక్కనున్న ముక్కూమొహం తెలియని మనిషిని మోచేత్తో పొడిచి, "మా మరదలు రాసింది" అన్నాడు. ఆమె చీర కొంగు సర్దుకోవడంలో పడిపోయింది.

పది రోజులకు మాస్టారు మరో బాణీ పంపి, "ఎప్పటికి ఇస్తారు?" అని అడిగాడు.

"శనివారం," అంది.

శనివారం కాగితం తీసుకుని వెళ్లింది. రెండో చరణంలో రెండు పాదాలు తక్కువ. మాస్టారు గొణిగాడు. ఆమె సంజాయిషీ చెప్పకుండా, ఆయన హార్మోనియం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని ఆ రెండూ అక్కడే రాసిచ్చింది.